గ్యాస్ గొట్టాల దారి గ్రామ పటం మీదికి రావాలి

సంపాదకులకు,

ఆర్యా,

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాల భూములను తిరిగి కొలిచి కొత్త పటాలు సిద్ధం చేస్తున్న ఈ సమయంలో, ఆ పటాల మీదికి తప్పనిసరిగా రావలసిన ఒక గీత రావడం లేదన్న ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను. కోనసీమలో వరి చేల కిందుగా, కొబ్బరి తోటల నడుమగా, కాలువ గట్ల పక్కగా సాగిపోయే గ్యాస్, చమురు పైపులైన్ల దారి గురించి నా మాట. సర్వే శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా, ఈ నేల మీదే పుట్టి పెరిగినవాడిగా, రీసర్వే తరువాత వచ్చిన పటాలను కొన్నింటిని శ్రద్ధగా పరిశీలించాను. కాలువ ఉంది, పుంత ఉంది, శ్మశానం ఉంది, సరిహద్దు రాయి ఉంది. ఊరి ప్రాణాలతో ముడిపడిన పైపులైను మాత్రం నాకు వాటిలో కనిపించలేదు. దానిని గ్రామ పటంలోనూ భూమి రికార్డులోనూ చేర్చాలని ప్రభుత్వాన్ని, పైపులైన్ల సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో జరిగినదాన్ని ఈ ప్రాంతంవారు ఎవరూ మరచిపోలేదు. తాటిపాక నుంచి కొండపల్లి దగ్గరి విద్యుత్ కేంద్రం వైపు వాయువును చేరవేసే 18 అంగుళాల గెయిల్ పైపులైను పగిలి, బయటికి వచ్చిన గ్యాస్ ఊరి మీద పరుచుకుని, నిప్పు తగిలి ఒక్కసారిగా అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు; వారిలో పసిపిల్లలు కూడా ఉన్నారు. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరి చెట్లు నిలువునా కాలిపోయాయి. అంతకు 19 ఏళ్ల ముందు, 1995 జనవరిలో, పాశర్లపూడి బావిలో వాయువు అదుపు తప్పి ఎగజిమ్మిన బ్లోఅవుట్ మంటలను అదుపులోకి తేవడానికి రెండు నెలలకు పైగా పట్టింది. అయితే బావి కంటికి కనిపిస్తుంది. దానికి తాము ఎంత దూరంలో ఉన్నామో ఊరివాళ్లకు తెలుసు. భూమిలో పూడ్చిన గొట్టం తమ వాకిలికి ఎన్ని గజాల దూరంలో ఉందో, ఎంత లోతున ఉందో, అందులో ఏం పోతున్నదో చెప్పగలిగినవారు ఈనాటికీ ఊళ్లలో అరుదు.

నగరం ప్రమాదానికి పటం లేకపోవడమే కారణమని నేను అనడం లేదు. పొడి వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో నీరు, ద్రవాలు కలిసిన వాయువు ప్రవహించడం, దానివల్ల గొట్టం తుప్పు పట్టి పలచబడడం విచారణలో ప్రధానంగా బయటపడిన విషయాలు. తుప్పును ఏ పటమూ ఆపలేదు. కానీ ఆ గొట్టం చుట్టూ ఎన్ని ఇళ్లు ఉన్నాయి, బజారు ఎంత దగ్గరగా ఉంది, ఏ ముక్కను ఎప్పుడు మరమ్మతు చేశారు, ఎక్కడి వాల్వు మూస్తే ఎంత దూరం వాయువు ఆగుతుంది అన్న వివరాలన్నీ ఒకే పటం మీద పరిచి చూసినప్పుడు, ఏ ముక్కను ముందుగా పట్టించుకోవాలో తెలుస్తుంది.

గ్యాస్ పైపులైన్ల నిర్మాణ ప్రమాణాల్లో ఈ ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. గొట్టానికి ఇరువైపులా 200 మీటర్ల చొప్పున, దాని వెంబడి 1.6 కిలోమీటర్ల పొడవున, మనుషులు నివసించే కట్టడాలను లెక్కించి ఆ ప్రాంతాన్ని నాలుగు తరగతుల్లో ఒకదానిలో చేరుస్తారు. కట్టడాలు 10 వరకు ఉంటే మొదటి తరగతి, 46 దగ్గరికి వచ్చేసరికి మూడవ తరగతి, ఎత్తైన భవనాలు, రద్దీ ఉన్న చోట నాలుగవది. జనం పెరిగేకొద్దీ గొట్టం గోడ మందంగా ఉండాలి, లేదంటే లోపలి పీడనం తగ్గాలి. మొదటి తరగతి ప్రాంతంలో ఉక్కు తట్టుకోగల ఒత్తిడిలో 72 శాతం దాకా వాడుకోనిస్తారు. నాలుగవ తరగతిలో 40 శాతానికి మించనివ్వరు. ఈ లెక్కంతా నేల మీద ఇళ్లు ఎక్కడ ఉన్నాయన్న దాని మీద ఆధారపడి ఉంది. కోనసీమలో ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ అంటూ పెద్దగా ఉండదు. గొట్టం వేసిన నాడు తోటగా ఉన్నది పదిహేనేళ్లకు లేఅవుటు అవుతుంది, మరికొన్నాళ్లకు కాలనీ అవుతుంది. తరగతి మారిందన్న సంగతి కార్యాలయంలోని ఫైలుకు దానంతటది తెలియదు. పైపులైను గీతను, ఇళ్ల పటాన్ని కలిపి ఏటా చూసే ఏర్పాటు ఉండాలి. పంచాయతీ ఇంటి పన్ను రికార్డులు, డ్రోన్ చిత్రాలు, ఉపగ్రహ చిత్రాలు చేతిలో ఉన్న ఈ రోజుల్లో ఇది అసాధ్యమైన పనేమీ కాదు.

ఇక భూమి హక్కు సంగతి. ఈ విషయం గురించి కొంచెం వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే రైతుకు తగిలే దెబ్బ ఇక్కడే ఉంది. చమురు, గ్యాస్ పైపులైన్ల కోసం భూమిని సాధారణంగా కొనరు. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం కింద భూమి యజమానిదిగానే ఉంటుంది. దాని కింద గొట్టం వేసి నిర్వహించుకునే వినియోగ హక్కు మాత్రం సంస్థకు సంక్రమిస్తుంది. గొట్టం పూడ్చిన తరువాత రైతు ఆ పట్టీ మీద వరి వేసుకోవచ్చు, కూరగాయలు పండించుకోవచ్చు. ఇల్లు కట్టరాదు, బావి గానీ చెరువు గానీ తవ్వరాదు, చెట్లు నాటరాదు. పంట నష్టానికి తోడు, ఈ హక్కు కోసం భూమి మార్కెట్ విలువలో 10 శాతం పరిహారంగా ఇస్తారు. పరిహారం ఒక్కసారే, ఆంక్ష మాత్రం గొట్టం ఉన్నంత కాలం, భూమి ఎన్ని చేతులు మారినా, ఆ భూమితోనే ఉంటుంది. 2011లో చేసిన సవరణతో ఈ చట్టం కింద శిక్షలు కూడా చాలా కఠినమయ్యాయి.

అంత కఠినమైన ఆంక్ష తన భూమి మీద ఉందని కొత్తగా కొన్నవాడికి ఎలా తెలియాలి? ఈ హక్కు కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ఇచ్చే ప్రకటన ద్వారా ఏర్పడుతుంది. రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజుగా నమోదయ్యేది కాదు కనుక ఆస్తి లావాదేవీలను చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించినా సాధారణంగా బయటపడదు. ఎక్కువమంది రైతులు చూసుకునేది అడంగల్ (సాగు వివరాల రికార్డు), వన్‌బీ (యజమాని ఖాతా రికార్డు), పాసుపుస్తకం. వాటిలో వాళ్లకు ఈ గీత కనిపించదు. మా బంధువుల్లో ఒకరు ఇల్లు కట్టుకుందామని స్థలం కొని, పునాదులు తవ్వించేటప్పుడు పైపులైను సిబ్బంది వచ్చి ఆపితే గాని ఆ స్థలంలో సగం మీద కట్టడానికి వీల్లేదన్న సంగతి ఆయనకు తెలియలేదు. అమ్మినవాడికి తెలుసో లేదో చెప్పలేము. వాళ్ల తండ్రిగారి కాలంలో పరిహారం తీసుకున్న కాగితం ఏ పెట్టెలో ఉందో. సిబ్బంది ఆపడం న్యాయమే. స్థలం కొనక ముందు గ్రామ సచివాలయంలో పటం చూసి ఆ విషయం తెలుసుకునే వీలు ఆయనకు లేకపోవడం న్యాయం కాదు.

రీసర్వే వల్ల ఈ చిక్కు మరింత ముదిరే ప్రమాదం ఉంది. గెజిట్ ప్రకటనలో మండలం, గ్రామం, సర్వే నంబరు, హెక్టార్లలో విస్తీర్ణం ఉంటాయి. అంటే నేల కింది గొట్టానికీ నేల మీది రికార్డుకూ మధ్య ఉన్న లంకె ఆ పాత సర్వే నంబరే. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వేలో సర్వే నంబర్లు, సబ్‌డివిజన్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబర్లు, అంటే మనం ఎల్‌పీఎం నంబర్లు అని పిలుచుకుంటున్నవి, వచ్చాయి. ఒక పాత సర్వే నంబరు ఇప్పుడు నాలుగైదు ఎల్‌పీఎంలుగా ఉండవచ్చు. గొట్టం వాటిలో ఒక్కదాని కిందుగానే పోతూ ఉండవచ్చు. గెజిట్ మాత్రం ఎప్పటికీ పాత నంబరునే చెబుతుంది. పాత నంబర్లకు కొత్త నంబర్లు చూపే పట్టిక ఉన్నా, గొట్టం ఏ ముక్కలో ఉందో ఆ పట్టిక చెప్పలేదు. ఫలితంగా గొట్టం లేని ముక్కల యజమానులు అనవసరంగా అనుమానాల పాలవుతారు. గొట్టం ఉన్న ముక్క యజమానికి ఆంక్ష సంగతే తెలియకుండా పోతుంది. దీనికి ఒక్కటే మందు: గొట్టం మధ్య రేఖను నేల మీద కొలిచి, వినియోగ హక్కు పట్టీ రెండు అంచులనూ కొత్త గ్రామ పటం మీద గీసి, అది ఏ ఎల్‌పీఎంలో ఎన్ని సెంట్లు ఆక్రమిస్తుందో రికార్డులోకి ఎక్కించడం.

కోనసీమలోనూ పశ్చిమ గోదావరి, కృష్ణా డెల్టాలోనూ దీని అవసరం పెరగడానికి మరో కారణం రొయ్యల చెరువులు. వరి చేను చెరువుగా మారేటప్పుడు పొక్లెయిన్ దిగి మట్టి తీసి గట్లకు పోస్తుంది. పైపు వేసేటప్పుడు మామూలు నేలలో దాని పై అంచు మీద కనీసం మీటరు మట్టి ఉండాలన్నది నియమం. చెరువు తవ్వకంలో ఆ మీటరులో ఎంత పోతుందో, గట్టు పోసిన చోట గొట్టం మీద ఎంత బరువు పెరుగుతుందో ఎవరూ లెక్క చూడరు. బకెట్ పళ్లు గొట్టానికి తగిలినా వెంటనే పగిలిపోతుందని కాదు. పై పూత లేచిపోయి, ఉక్కు మీద గీత పడి, ఆ దెబ్బ కొన్నాళ్ల తరువాత బయటపడవచ్చు. బెల్జియంలోని గిస్లెంగియెన్ పారిశ్రామిక వాడలో సరిగ్గా అదే జరిగింది. నిర్మాణ పనుల్లో యంత్రం తగిలి గోడ పలచబడిన గ్యాస్ గొట్టం, కొన్ని వారాల తరువాత పీడనం పెరిగినప్పుడు, 2004 జులై 30న పగిలి పేలింది. 24 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. తగిలిన రోజునే ఆ సంగతి చెప్పి ఉంటే, అంతకంటే ముందు యంత్రం దిగే చోట గొట్టం ఉందని ఆ పనివాళ్లకు స్పష్టంగా తెలిసి ఉంటే, ఆ ప్రాణాలు నిలిచేవి.

లోతు సంగతి చెప్పాను కనుక మన గోదావరి సంగతి కూడా చెప్పాలి. గౌతమి, వశిష్ట, వైనతేయ పాయలు ఏటేటా వరదకు గట్లు కోస్తాయి, ఇసుక మేట వేస్తాయి, లంకల ఆకారం మారుస్తాయి. పాయ కింద, కాలువ కింద, మురుగు డ్రెయిన్ల కింద వేసిన గొట్టం మీద ఒకనాడు ఉన్న మట్టి ఈనాడు ఉందని అనుకోవడానికి వీలు లేదు. డ్రెయిన్లలో పూడిక తీసినప్పుడల్లా అదే ప్రశ్న వస్తుంది. అందుచేత పటం మీద గీత ఒక్కటే చాలదు. ప్రతి కొంత దూరానికీ పైపు పై అంచు ఎత్తు, దాని మీది నేల మట్టం, ఆ కొలత తీసిన తేదీ ఉండాలి. పెద్ద వరద తరువాత దాటే చోట్లన్నింటినీ మళ్లీ కొలవాలి.

తమ దగ్గర పటాలు ఉన్నాయని సంస్థలు చెప్పవచ్చు. ఉంటాయి, అవి ఏ కాలంలో, ఏ ఆధారం మీద గీసినవన్నది ప్రశ్న. మునుపటి తరం గొట్టాల దారులను సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్ల మీద గుర్తించేవారు. 1:50,000 స్కేలు మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. పెన్సిలు గీత మందమే ఒక చేను వెడల్పు దాటుతుంది. పైగా ఆ షీట్లు 1830 నాటి ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి వేసిన లెక్క) ఆధారంగా తయారైనవి; ఈనాటి జీపీఎస్ పరికరాలు, ఉపగ్రహ చిత్రాలు డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే ఆధారం మీద నడుస్తాయి. ఒకదాని అక్షాంశ రేఖాంశాలను మార్పిడి చేయకుండా రెండోదాని మీద పెడితే మన ప్రాంతంలో గీత వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. వినియోగ హక్కు పట్టీ వెడల్పు సాధారణంగా 30 మీటర్లకు మించదు కనుక, అలా జరిగిన గీత వేరే రైతు చేలో ఉంటుంది. కంప్యూటరు తెర మీద రంగు గీతలుగా చూసినప్పుడు ఈ పొరపాటు కనిపించదు, పటం చాలా అందంగానే ఉంటుంది. అందుకే ఏ గీతకైనా అది నేల మీద కొలిచినదా, పాత కాగితం నుంచి ఎత్తి రాసినదా, ఎన్ని మీటర్ల తేడాకు అవకాశం ఉంది అన్న మూడు ముక్కలు పక్కనే రాసి ఉండాలని నా గట్టి అభిప్రాయం. తప్పు పటాన్ని నమ్మి యంత్రం దింపినవాడు, పటమే లేక భయపడుతూ మెల్లగా తవ్వినవాడికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు.

రికార్డు తప్పైతే ఏం జరుగుతుందో అమెరికాలో 2010 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో తేలింది. 1956లో వేసిన 30 అంగుళాల గ్యాస్ గొట్టం ఇళ్ల మధ్య పగిలి 8 మంది చనిపోయారు, 38 ఇళ్లు నాశనమయ్యాయి. పగిలిన ముక్క అతుకు లేని గొట్టమని సంస్థ రికార్డుల్లో ఉంది. తీసి చూస్తే దానికి నిలువునా వెల్డింగు అతుకు ఉంది, అది కూడా లోపంతో ఉంది. తప్పు వివరం కంప్యూటరు పటంలోకి అలాగే ఎక్కి, దాని ఆధారంగానే భద్రత లెక్కలు నడిచాయి. వాయువు ప్రవాహాన్ని ఆపడానికి 95 నిమిషాలు పట్టింది. దారి, గొట్టం రకం, గోడ మందం, వేసిన సంవత్సరం, వాల్వుల స్థానం అన్నీ నేల మీద సరిచూసినవై ఉండాలనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

సరిచూసే సాధనాలు మన దేశంలో లేనివి కావు. లోహపు గొట్టాన్ని నేల పై నుంచే గుర్తించే పరికరాలు ఉన్నాయి. అక్కడక్కడ చేత్తో గొయ్యి తవ్వి సరిపోల్చుకోవచ్చు. గొట్టం లోపల ప్రయాణిస్తూ గోడ మందాన్ని పరీక్షించే ఇంటెలిజెంట్ పిగ్‌లకు దిశను, వేగాన్ని కొలిచే పరికరం అమర్చితే గొట్టం మధ్య రేఖ అక్షాంశ రేఖాంశాలు కూడా వస్తాయి. పాత గొట్టాల్లో వ్యాసం మారే చోట్ల, వాల్వుల దగ్గర ఆ పరికరం పోలేదు. అలాంటి ముక్కలకు నేల మీది కొలతే గతి. రీసర్వే కోసం నెలకొల్పిన కార్స్ స్టేషన్ల (ఉపగ్రహ సంకేతాలను నిరంతరం అందుకుని కొలతలను సరిదిద్దే స్థిర కేంద్రాల) సాయంతో గట్టు రాయిని సెంటీమీటర్ల తేడాతో కొలుస్తున్న గ్రామ సర్వేయర్లు ఈ కొలత కూడా తీయగలరు. ఇందులో బావుల నుంచి సేకరణ కేంద్రాలకు పోయే చిన్న గొట్టాలను, వాడకం మానేసి నేలలోనే వదిలేసిన గొట్టాలను కూడా కలపాలి. పెద్ద గొట్టాల దగ్గర హెచ్చరిక బోర్డులైనా ఉంటాయి. లీకుల వార్తలు ఎక్కువగా వచ్చేది ఈ చిన్న గొట్టాల దగ్గరి నుంచే.

పట్టణాల సంగతి వేరే లేఖకు తగినంత ఉంది కనుక ఒక్క మాటతో ఆపుతాను. కాకినాడ, విజయవాడ, హైదరాబాద్ వంటి చోట్ల ఇళ్లకు గ్యాస్ చేర్చే సన్నని గొట్టాలు చాలావరకు ప్లాస్టిక్‌వి. లోహాన్ని పట్టే పరికరానికి అవి దొరకవు. పూడ్చే రోజునే కొలిచి నమోదు చేయకపోతే తరువాత కొలవడం ఎంతో కష్టం.

తవ్వకాల ముందు సమాచారం ఇచ్చే ఏర్పాటు ఇప్పటికే ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. 2023 మార్చి 22న ప్రధానమంత్రి ప్రారంభించిన కాల్ బిఫోర్ యూ డిగ్ యాప్ మంచి ప్రయత్నమే. సమన్వయం లేని తవ్వకాల వల్ల దేశంలో ఏటా 3,000 కోట్ల రూపాయల నష్టం జరుగుతున్నదని అప్పట్లో ప్రభుత్వమే చెప్పింది. తవ్వేవారు స్థలం చెబితే అక్కడ ఆస్తులున్న సంస్థలకు కబురు వెళుతుంది. అయితే రోడ్డు తవ్వే కాంట్రాక్టరుకు ఉపయోగపడినంతగా అది చెరువు తవ్వే రైతుకు, ఇంటి పునాది తీసే మేస్త్రీకి, పూడిక తీయించే పంచాయతీకి ఉపయోగపడడం లేదు. వాళ్లలో చాలామంది ఆ పేరే వినలేదు. 2021 అక్టోబరులో ప్రారంభమైన గతిశక్తి పటంలో పైపులైన్లు ఒక పొరగా ఉన్నా, ఆ పటం శాఖల ప్రణాళికల కోసం. అందులోని సమాచారం ఊరి దాకా దిగిరాలేదు. నెదర్లాండ్స్‌లో 2008లో చట్టంతో వచ్చిన నియమం ప్రకారం యంత్రంతో ఎవరు ఎక్కడ తవ్వినా ముందుగా భూమి రికార్డుల సంస్థకు తెలియజేయాలి. భూమి యజమాని ఎవరో చెప్పే కార్యాలయమే ఆ భూమి కింద ఏముందో కూడా చెబుతుంది. మన దగ్గర గ్రామ సచివాలయంలో సర్వేయరు ఉన్నాడు. ఆ బాధ్యత, దానికి తగిన పటం అతనికి ఇవ్వాలి.

ఈ కోరికకు ఎదురయ్యే ప్రధానమైన అభ్యంతరం భద్రత. గొట్టాల దారి బహిరంగం చేస్తే దుండగులకు దారి చూపినట్టు అవుతుందని అంటారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. గ్యాస్, చమురు దొంగతనానికి గొట్టాలకు కన్నాలు పెట్టే ముఠాలు ఉన్నాయి. కానీ దారి ఇప్పటికే రహస్యం కాదు. గొట్టం పోయే గ్రామాలు, సర్వే నంబర్లు భారత ప్రభుత్వ గెజిట్‌లో అచ్చయ్యాయి. పొలాల్లో గుర్తు రాళ్లు, హెచ్చరిక బోర్డులు, పరీక్షా స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి. రోడ్డు దాటే ప్రతి చోటా గొట్టం పేరు, ఫోన్ నంబరు రాసి ఉంటుంది. కన్నం వేయాలనుకున్నవాడికి ఆ గుర్తులు చాలు. గుర్తు రాయికీ మరో గుర్తు రాయికీ మధ్య గొట్టం ఎటు వంగిందో తెలియక నష్టపోయేది రైతు, జేసీబీ డ్రైవరు. అమెరికాలో జాతీయ పైపులైన్ల పటాన్ని ఎవరైనా చూడవచ్చు, కానీ ఒక హద్దు దాటి దగ్గరగా చూడనివ్వరు. పూర్తి వివరాలు స్థానిక అధికారులకు, అత్యవసర సిబ్బందికి ఇస్తారు. మన దగ్గరా అదే పద్ధతి పెట్టవచ్చు. పట్టీ అంచులు, ఆంక్ష ఉన్న విస్తీర్ణం ప్రతి పౌరుడికీ కనిపించాలి. పీడనం, వాల్వుల వివరాలు అగ్నిమాపక కేంద్రానికి, తహసీల్దారుకు, పోలీసులకు అందుబాటులో ఉండాలి. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం భౌగోళిక సమాచార నిబంధనలను సడలించింది. 2022 డిసెంబరులో జాతీయ భౌగోళిక విధానాన్ని ప్రకటించింది. పటం అన్న ప్రతిదాన్నీ బీరువాలో పెట్టి తాళం వేసే కాలం చట్టంలోనే ముగిసింది.

తెలంగాణకు కూడా ఈ విషయం వర్తిస్తుంది. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ చేరే 572 కిలోమీటర్ల చమురు గొట్టం, కాకినాడ తీరం నుంచి పడమటి తీరం దాకా వెళ్లే గ్యాస్ గొట్టం రెండూ ఆ రాష్ట్రంలోని పొలాల కిందుగా పోతున్నాయి. పాసుపుస్తకంతో పాటు భూమి పటం ఇవ్వాలని అక్కడి భూభారతి చట్టం తలపెట్టింది కనుక, ఆ పటాలు ఇంకా గీస్తున్న దశలోనే ఈ పట్టీలను చేర్చుకోవడం తేలిక.

నేను అడుగుతున్నది కొత్త శాఖను కాదు, పెద్ద బడ్జెట్‌ను కాదు. పైపులైన్ల సంస్థలు తమ గొట్టాల మధ్య రేఖలను నేల మీద సరిచూసి, డబ్ల్యూజీఎస్ 84 ఆధారంతో, కొలత తేదీతో సహా రాష్ట్ర సర్వే శాఖకు అందజేయాలని పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు ఆదేశించాలి. సర్వే శాఖ ఆ పట్టీలను గ్రామ పటాల్లో ఎక్కించి, వినియోగ హక్కు ఉన్న ప్రతి ఎల్‌పీఎం ఎదురుగా అడంగల్‌లో ఒక గుర్తు పెట్టాలి. రిజిస్ట్రేషన్ సమయంలో ఆ గుర్తు కొనేవాడికి కనిపించాలి. లేఅవుటుకు, చెరువుకు, ఇంటికి అనుమతి ఇచ్చే అధికారి ఆ పటం చూడకుండా సంతకం చేయరాదు. గ్రామ సభలో ఏటా ఒకసారి ఆ పటాన్ని తెలుగులో వివరించి, గోడ మీద అతికించాలి.

ఈ పనికి సమయం ఎందుకు ముఖ్యమో చెప్పి ముగిస్తాను. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం 13వ సెక్షన్ కింద గ్రామ సర్వే పూర్తయిందని ప్రకటన వెలువడ్డాక ఆ కొలతలే ప్రమాణమవుతాయి. వాటితో విభేదించేవారు మూడేళ్లలోగా సివిల్ కోర్టుకు వెళ్లవలసి ఉంటుంది. ప్రకటన ఇంకా రాని గ్రామాల్లో సర్వేయర్లు పొలాల్లో తిరుగుతుండగానే పైపులైను సిబ్బందిని వారితో నడిపించి ఆ పట్టీలను కొలిపించవచ్చు. ప్రకటన వచ్చిన గ్రామాలకు అనుబంధ పటం జారీ చేయవచ్చు. పైపులైన్లు ఉన్న జిల్లాల కలెక్టర్లు, ముందుగా డాక్టర్ బీఆర్ అంబేద్కర్ కోనసీమ జిల్లా కలెక్టరుగారు, ఏ గ్రామానికి 13వ సెక్షన్ ప్రకటన ఇచ్చేముందైనా ఆ గ్రామంలో గొట్టం ఉన్నదీ లేనిదీ సంస్థల నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలని మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
విశ్రాంత సర్వే ఉద్యోగి,
అమలాపురం